‘గా’, ‘ఇన’, ‘అని’: ఇంటి తెలుగు నుంచి ఇంగ్లీషు వాక్యానికి దారి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశా సరిహద్దున ఉన్న ఈ ఊళ్ళలో తెలుగింటి పిల్లలు మూడు భాషల మధ్య పెరుగుతారు. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజార్లోనూ ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. అడ్జెక్టివ్ (విశేషణం), అడ్వర్బ్ (క్రియా విశేషణం), డిపెండెంట్ క్లాజ్ (ప్రధాన వాక్యం మీద ఆధారపడే చిన్న వాక్యం) అనే పాఠాలను వాళ్ళకు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చెబుతారు. చాలామందికి వాక్యం మాత్రం మనసులో తెలుగులోనే పుడుతుంది. తప్పు దొర్లేది సరిగ్గా ఆ మలుపు దగ్గరే. అందుకే ఈ మార్గదర్శి ఇంగ్లీషు నిర్వచనాలతో కాకుండా, మన నోట రోజూ వచ్చే తెలుగు మాటల చివరలతో మొదలవుతుంది.

అసలు సంగతి ఒక్కటే. తెలుగు తన సంబంధాలన్నిటినీ మాట చివర అతికిస్తుంది: వేడి‘గా’, వచ్చి‘న’, వస్తే, వస్తాన‘ని’. ఇంగ్లీషు వాటిలో ఎక్కువ భాగాన్ని విడి మాటలుగా చేసి ముందు నిలబెడుతుంది: ఇఫ్, వెన్, హూ, దట్. మన వాక్యంలో తోకను గుర్తుపట్టగలిగితే ఇంగ్లీషు వాక్యానికి తల దొరికినట్టే.

కావలసినవి: రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి, నీలం, ఎరుపు పెన్నులు, రోజుకు ఇరవై నిమిషాలు. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లీషు వాక్యం. ఇక్కడ ఇంగ్లీషు ఉదాహరణలు తెలుగు లిపిలో ఉన్నాయి. నోటుబుక్కులోకి ఎక్కించేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. స్పెల్లింగు చేతికి అలవాటయ్యేది అప్పుడే.

మొదటి మెట్టు: ‘గా’ కనిపిస్తే ఆగి, క్రియను చూడండి

‘గా’ వస్తే అడ్వర్బ్, చివర ‘లీ’ తగిలించు అని చాలాచోట్ల చెప్పేస్తారు. అది సగమే నిజం. మిగతా సగం పిల్లల మార్కులు తినేస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

అన్నం వేడిగా ఉంది.
అక్క తీయగా పాడింది.

రెండింటిలోనూ ‘గా’ ఉంది. ఇంగ్లీషులో మొదటిది ‘ద రైస్ ఈజ్ హాట్’. ‘హాట్‌లీ’ కాదు. రెండోది ‘మై సిస్టర్ సాంగ్ స్వీట్‌లీ’. ఒకటి అడ్జెక్టివ్, ఒకటి అడ్వర్బ్. తేడా ‘గా’లో లేదు, దాని తర్వాతి క్రియలో ఉంది. ‘ఉంది’ పని కాదు, స్థితి. అన్నం ఎలాంటిదో చెబుతున్నాం. ‘పాడింది’ పని. ఆ పని ఎలా జరిగిందో చెబుతున్నాం. వస్తువు గురించి చెబితే అడ్జెక్టివ్, పని గురించి చెబితే అడ్వర్బ్.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఈ జంట చాలు.

ఆయన కోపంగా కనిపించాడు. ‘హీ లుక్‌డ్ యాంగ్రీ.’
ఆయన నావైపు కోపంగా చూశాడు. ‘హీ లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ మీ.’

తెలుగులో రెండుచోట్లా ‘కోపంగా’నే. ఇంగ్లీషులో రెండుచోట్లా ‘లుక్‌డ్’. తెలుగులో క్రియ మారింది, ఇంగ్లీషులో అడ్జెక్టివ్ అడ్వర్బ్ అయింది. మొదటి దాంట్లో ‘లుక్‌డ్’ను తీసి ‘వాజ్’ పెట్టి చూడండి: ‘హీ వాజ్ యాంగ్రీ’. అర్థం నిలబడింది. రెండో దాంట్లో ‘హీ వాజ్ యాంగ్రిలీ ఎట్ మీ’ అంటే వాక్యం విరిగిపోతుంది. ఈ ‘వాజ్’ పరీక్షను ‘సీమ్’, ‘ఫీల్’, ‘సౌండ్’, ‘స్మెల్’, ‘టేస్ట్’, ‘బికమ్’ అనే మాటలన్నిటి మీదా వాడవచ్చు. మల్లెలు కమ్మగా వాసన వేస్తున్నాయంటే ‘ద జాస్మిన్స్ స్మెల్ స్వీట్’. కూర రుచిగా ఉంటే ‘ద కర్రీ టేస్ట్స్ గుడ్’. ‘టేస్ట్స్ వెల్’ అనకూడదు.

మరో చిక్కు ‘ఉంచు’, ‘చేయి’, ‘రంగు వేయి’ లాంటి క్రియల దగ్గర వస్తుంది. ‘గది శుభ్రంగా ఉంచు’ అన్నప్పుడు ఉంచడమనే పని శుభ్రంగా జరగాలని కాదు, గది శుభ్రంగా ఉండాలని. కాబట్టి ‘కీప్ ద రూమ్ క్లీన్’. తలుపుకు ఎర్రగా రంగు వేస్తే ‘దే పెయింటెడ్ ద డోర్ రెడ్’. ఎర్రబడింది తలుపే కదా.

‘గా’ నామవాచకానికి అంటుకుంటే కథ మారుతుంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఇక్కడ ‘గా’ అంటే ‘యాజ్’: ‘గిడుగు రామమూర్తి వర్క్‌డ్ యాజ్ ఎ టీచర్ ఇన్ పర్లాకిమిడి’. అదే ‘గా’ క్రియకు అంటుకుంటే, ‘వస్తుండగా’, ‘రాగానే’ అన్నట్టు, అక్కడ ఒక క్లాజ్ దాక్కుని ఉంటుంది. దాని సంగతి ఐదో మెట్టులో.

నోటుబుక్కులో ప్రతి ‘గా’కూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, దాని తర్వాతి క్రియ కింద నీలం గీత గీయండి. వారం రోజులు ఇదొక్కటే చేసినా చేతికి పట్టు వస్తుంది.

‘లీ’ గురించి తెలుసుకోవలసిన మినహాయింపులు

‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘లోన్లీ’, ‘సిల్లీ’ మాటలకు చివర ‘లీ’ ఉన్నా అవి అడ్జెక్టివ్‌లే. ‘హీ స్పోక్ ఫ్రెండ్లీ’ తప్పు. ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి. ‘ఫాస్ట్’, ‘హార్డ్’, ‘లేట్’, ‘ఎర్లీ’ ఏ మార్పూ లేకుండా రెండు పనులూ చేస్తాయి. వీటిలో ప్రమాదకరమైనది ‘హార్డ్’. కష్టపడి పనిచేస్తాడు అనబోయి ‘హీ వర్క్స్ హార్డ్‌లీ’ అని రాస్తే, ఆ ‘హార్డ్‌లీ’ ‘దాదాపు లేదు’ అనే అర్థం మోసుకొస్తుంది. పొగడబోయి తిట్టినట్టవుతుంది. సరైనది ‘హీ వర్క్స్ హార్డ్’. ‘లేట్‌లీ’ కూడా అంతే. దానికి ‘ఈ మధ్య’ అని అర్థం, ‘ఆలస్యంగా’ అని కాదు.

స్పెల్లింగులో మూడు సంగతులు: ‘హ్యాపీ’లో చివరి వై ‘హ్యాపిలీ’లో ఐ అవుతుంది. ‘జెంటిల్’ చివరి ఈ పోయి దాని చోట వై వస్తుంది. ‘బేసిక్’ లాగా ఐ, సి అక్షరాలతో ముగిసే వాటికి ఏ, ఎల్, ఎల్, వై చేరతాయి. ‘పబ్లిక్’ ఒక్కదానికి మాత్రం ఎల్, వై చాలు.

రెండో మెట్టు: అడ్జెక్టివ్‌లను వరుసలో పెట్టడం, పోల్చడం

బహువచనం వస్తే ఏం మార్చాలన్న భయం అక్కర్లేదు. మన ‘మంచి’ లాగే ఇంగ్లీషు ‘గుడ్’ కూడా ఏకవచనానికీ బహువచనానికీ ఒకేలా ఉంటుంది. హిందీ చదివే పిల్లలు ‘అచ్ఛా’, ‘అచ్ఛే’ అని మార్చిన అలవాటుతో ఇక్కడా ఏదో చేయాలనుకుంటారు. ఏమీ చేయనక్కర్లేదు.

వరుస మాత్రం చూసుకోవాలి. తెలుగులో ‘పాత ఎర్ర పట్టుచీర’ అన్నా ‘ఎర్రటి పాత పట్టుచీర’ అన్నా చెల్లుతుంది. ఇంగ్లీషు ఒక క్రమం పాటిస్తుంది: ముందు మన అభిప్రాయం, తర్వాత పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ఊరు లేదా దేశం, దేనితో చేశారో, చివరగా దేనికి వాడతారో. బరంపురం పట్టుచీరను ఈ వరుసలో పెడితే ‘ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ రెడ్ బరంపూర్ సిల్క్ శారీ’. అభిప్రాయం, వయసు, రంగు, ఊరు, పట్టు. నిజానికి రాసేటప్పుడు మూడు అడ్జెక్టివ్‌లు దాటకుండా ఉంటేనే బాగుంటుంది. వరుసను గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఈ చీర పనికొస్తుంది.

జంట మాటలు మన సొంత చిక్కు. ‘వేడి వేడి ఇడ్లీలు’, ‘చిన్న చిన్న పిల్లలు’, ‘నెమ్మదిగా నెమ్మదిగా’ అంటాం. ఒడియాలోనూ ‘గరమ గరమ’, ‘ఛోట ఛోట’ అంటారు కాబట్టి రెండు వైపుల నుంచీ అలవాటు గట్టిపడి, ‘హాట్ హాట్ ఇడ్లీస్’, ‘స్మాల్ స్మాల్ చిల్డ్రన్’ అని కలం మీదికి వచ్చేస్తుంది. ఇంగ్లీషులో బహువచనమే ఆ పని చేస్తుంది: ‘స్మాల్ చిల్డ్రన్’. వేడికి ‘పైపింగ్ హాట్’ అనే మాట ఉంది. నెమ్మది నెమ్మదిగా మారుతూ వచ్చిందంటే ‘గ్రాడ్యుయలీ’.

పోలిక దగ్గర తెలుగు, ఒడియా రెండూ విశేషణాన్ని ముట్టుకోవు. తెలుగులో ‘కంటే’, ఒడియాలో ‘ఠారు’ చేరిస్తే సరి. అందువల్ల ‘దేవమాలి మహేంద్రగిరి కంటే ఎత్తు’ అన్న వాక్యం ‘దేవమాలి ఈజ్ హై దాన్ మహేంద్రగిరి’ అయిపోతుంది. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. లెక్క సరే, వ్యాకరణం తప్పింది. ‘హయ్యర్ దాన్’ అనాలి. ఒకే అక్షరపు ఉచ్చారణ ఉన్న మాటకు ‘అర్’, వై తో ముగిసే చిన్న మాటకు ‘ఇయర్’, పొడవాటి మాటకు ముందు ‘మోర్’. రెండూ కలపకూడదు: ‘మోర్ బెటర్’, ‘మోర్ హయ్యర్’ అనే మాటలు లేవు. ‘సీనియర్’, ‘జూనియర్’ తర్వాత ‘దాన్’ కాదు, ‘టు’.

‘బోర్డ్’, ‘బోరింగ్’ల తేడాకు ఒక్క ప్రశ్న చాలు: విసుగు పుట్టించేది ఏది, విసుగు పడేది ఎవరు? పుట్టించే దానికి ‘ఇంగ్’, పడేవాళ్ళకు ‘ఈడీ’. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నేనే అందరికీ విసుగు పుట్టిస్తానని ఒప్పుకున్నట్టు.

మూడో మెట్టు: అడ్వర్బ్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలి

తెలుగు వాక్యం: నిన్న బరంపురంలో జోరుగా వాన కురిసింది. కాలం, చోటు, తీరు, క్రియ. ఇంగ్లీషు: ‘ఇట్ రెయిన్‌డ్ హెవీలీ ఇన్ బరంపూర్ యెస్టర్‌డే’. క్రియ, తీరు, చోటు, కాలం. అద్దంలో చూసినట్టు పూర్తిగా తలకిందులు. మన వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి చదివితే ఇంగ్లీషు వరుస వస్తుంది. ఈ వెనక్కి చదివే అలవాటు క్లాజుల దగ్గర ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

క్రియకూ దాని కర్మకూ మధ్య అడ్వర్బ్ దూరకూడదు. ‘షీ స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఒడియా’ తప్పు, ‘షీ స్పీక్స్ ఒడియా ఫ్లూయెంట్లీ’ ఒప్పు. ‘ఆల్వేస్’, ‘యూజువలీ’, ‘ఆఫెన్’, ‘నెవర్’ మామూలు క్రియకు ముందు, ‘ఈజ్’, ‘వాజ్’ లాంటి వాటికి తర్వాత వస్తాయి: ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’, ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’.

‘చాలా’కు ‘వెరీ’, ‘మరీ’కి ‘టూ’. ఈ ఒక్క జత గుర్తుంటే ‘ఫుడ్ వాజ్ టూ గుడ్’ అని రాయడం ఆగుతుంది. తెలుగులో ‘మరీ’ అన్నప్పుడు హద్దు దాటిందన్న ఫిర్యాదు ఉంటుంది చూడండి, ‘టూ’లోనూ అదే ఉంది. టీ మరీ వేడిగా ఉంది, తాగలేను: ‘ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్’. ‘ఇనఫ్’ మాత్రం అడ్జెక్టివ్ తర్వాత వస్తుంది: ‘హాట్ ఇనఫ్’.

‘నిన్ననే వచ్చాడు’ అన్న వాక్యంలో మన ఒత్తు మాట చివర పడుతుంది. దాన్నే ‘హీ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ’ అంటాం. మాట్లాడేటప్పుడు మనవాళ్ళకు అర్థమవుతుంది కానీ, రాతలో ‘ఓన్లీ’ని ఏ మాట మీద ఒత్తు కావాలో దానికి ముందు పెట్టాలి: ‘హీ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే’.

నాలుగో మెట్టు: ‘ఇన’ను విప్పడం

ఇదే అన్నిటికన్నా గట్టి మెట్టు. తీరిగ్గా ఎక్కండి.

‘అందమైన ఇల్లు’, ‘విరిగిన కుర్చీ’, ‘నిన్న పిల్లలు విరగ్గొట్టిన కుర్చీ’. మూడింటిలోనూ చివర ‘న’యే, మూడూ నామవాచకానికి ముందే. ఇంగ్లీషులో మాత్రం మూడు దారులు. ‘అందం’ నామవాచకం. దానికి ‘ఐన’ చేరితే ఇంగ్లీషులో మామూలు అడ్జెక్టివ్: ‘ఎ బ్యూటిఫుల్ హౌస్’. ‘విరుగు’ క్రియ, కానీ ఒంటరిగా ఉంది: ‘ఎ బ్రోకెన్ చెయిర్’, ఇదీ నామవాచకానికి ముందే. మూడో దాంట్లో క్రియతో పాటు ఎవరు, ఎప్పుడు అన్నవీ వచ్చాయి. పరివారం వెంట వస్తే ఇంగ్లీషు దాన్ని నామవాచకం వెనక్కి పంపుతుంది: ‘ద చెయిర్ దట్ ద చిల్డ్రన్ బ్రోక్ యెస్టర్‌డే’. ఇదే రెలెటివ్ క్లాజ్. అడ్జెక్టివ్ చేసే పనే చేస్తుంది గనుక అడ్జెక్టివ్ క్లాజ్ అని కూడా అంటారు.

విప్పే పద్ధతి ఇది. ముందు ‘ఇన’, ‘ఏ’, ‘తున్న’, ‘ని’ చివరలతో ఉన్న క్రియను, దాని వెంటనే ఉన్న నామవాచకాన్ని పట్టుకోండి. ఆ నామవాచకాన్ని ఇంగ్లీషులో ముందు రాయండి. తర్వాత ఆ చిన్న వాక్యంలో దాని పాత్ర ఏమిటని అడగండి. తెలుగు ‘ఇన’ ఈ పాత్రను చెప్పదు, మింగేస్తుంది. ‘నన్ను చూసిన మనిషి’, ‘నేను చూసిన మనిషి’ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో చూసింది ఆ మనిషే: ‘ద మ్యాన్ హూ సా మీ’. రెండో దాంట్లో చూసింది నేను: ‘ద మ్యాన్ హూమ్ ఐ సా’, లేదా మామూలు మాటల్లో ‘ద మ్యాన్ ఐ సా’. కర్మ అయినప్పుడు ‘హూమ్’, ‘దట్’ వదిలేయవచ్చు. కర్త అయితే ‘హూ’ను వదలకూడదు.

పాత్ర చోటైతే ‘వేర్’: నేను చదివిన బడి, ‘ద స్కూల్ వేర్ ఐ స్టడీడ్’. ‘ద స్కూల్ విచ్ ఐ స్టడీడ్’ అంటే బడిని పుస్తకంలా చదివినట్టు. ‘విచ్’ వాడాలంటే ‘ఇన్’ ఉండి తీరాలి. నేను ఎక్కిన బస్సు: ‘ద బస్ దట్ ఐ గాట్ ఆన్’. ఆ చివరి ‘ఆన్’ తెలుగులో కనిపించదు కాబట్టి అందరూ వదిలేస్తారు. సంబంధం ‘యొక్క’ అయితే ‘హూజ్’: నాన్న రైల్వేలో పనిచేసే అమ్మాయి, ‘ద గర్ల్ హూజ్ ఫాదర్ వర్క్స్ ఇన్ ద రైల్వేస్’. దీన్ని పిల్లలు ఎక్కువగా తప్పించుకుంటారు. రోజుకొకటి రాయించండి.

కాలం కూడా చూసుకోవాలి. ‘రాని బస్సు’లో ఏ కాలమో లేదు. నిన్న రానిదా, ఎప్పుడూ రానిదా? ఇంగ్లీషులో ‘డిడ్ నాట్ కమ్’, ‘డజ్ నాట్ కమ్’ వేరువేరు. ఏదో ఒకటి తేల్చుకోకుండా వాక్యం రాదు.

ఇక ఒడియా వైపు నుంచి వచ్చే తప్పు. ఒడియాలో ‘జేఉఁ పిలా ఆసిథిలా, సే మో భాఇ’ అంటారు. ఏ పిల్లవాడు వచ్చాడో, వాడు నా తమ్ముడు అని. రెండో భాగంలో ‘సే’ తప్పనిసరి. ఆ అచ్చులోనే ‘ద బాయ్ హూ కేమ్, హీ ఈజ్ మై బ్రదర్’ పుడుతుంది. ఇంగ్లీషులో ‘హూ’ వచ్చాక ‘హీ’కి పని లేదు: ‘ద బాయ్ హూ కేమ్ ఈజ్ మై బ్రదర్’. పిల్లవాడు ఇలాంటి తప్పు రాస్తే బుద్ధి లేక కాదు, ఒక భాష నియమాన్ని నమ్మకంగా మరో భాషలో పాటించాడు. ఆ మాట వాడికి చెప్పి దిద్దితే వెంటనే అందుకుంటాడు.

కామా ఎప్పుడు? ఎవరో, ఏదో ముందే తెలిసిపోయి, క్లాజ్ అదనపు సమాచారం మాత్రమే ఇస్తుంటే రెండు వైపులా కామాలు పెట్టాలి. ‘వి. వి. గిరి, హూ వాజ్ బార్న్ ఇన్ బరంపూర్ ఇన్ 1894, బికేమ్ ప్రెసిడెంట్ ఆఫ్ ఇండియా ఇన్ 1969.’ క్లాజ్ తీసేసినా ఎవరి గురించో తెలుస్తూనే ఉంది. ‘ద లైన్ దట్ రీచ్‌డ్ పర్లాకిమిడి ఇన్ 1900 వాజ్ ఎక్స్‌టెండెడ్ టు గుణుపూర్ ఇన్ 1931’ అన్నప్పుడు క్లాజ్ తీసేస్తే ఏ రైలుమార్గమో తెలియదు, కాబట్టి కామాలు లేవు. ఇలాంటి కామా తర్వాత ‘దట్’ వాడకూడదు, ‘హూ’, ‘విచ్’ లాంటివే వాడాలి. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ రాయగడ’ అంటే నాకున్నది ఒక్కడే అన్న. కామా లేకపోతే ఇంకా అన్నదమ్ములున్నారని, వారిలో రాయగడలో ఉండేవాడని.

ఐదో మెట్టు: ‘వస్తే’, ‘వచ్చినా’, ‘రాగానే’

తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు చేదర్థకం, అప్యర్థకం పేర్లు గుర్తుండే ఉంటాయి. ‘వస్తే’ చేదర్థకం, ఇంగ్లీషులో ‘ఇఫ్’. ‘వచ్చినా’ అప్యర్థకం, ‘ఆల్దో’ లేదా ‘ఈవెన్ ఇఫ్’. నిజంగా వచ్చి ఉంటే ‘ఆల్దో’, వస్తుందో రాదో తెలియకపోతే ‘ఈవెన్ ఇఫ్’. ‘రాగానే’ ‘యాజ్ సూన్ యాజ్’, ‘వస్తుండగా’ ‘వైల్’, ‘వచ్చేదాకా’ ‘అంటిల్’, ‘వచ్చేలోపు’ ‘బిఫోర్’, ‘వచ్చినందువల్ల’ ‘బికాజ్’. ఇవన్నీ అడ్వర్బ్ పని చేసే క్లాజులు. ఎప్పుడు, ఎందుకు, ఏ షరతు మీద అన్నది చెబుతాయి.

ఇక్కడ దొర్లే తప్పుల్లో మూడు ముఖ్యం. మొదటిది ‘వెన్ హీ విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్’. ఒడియాలో ‘సే జేతేబేళే ఆసిబ’ అని భవిష్యత్తు వాడతారు, ఆ నీడ ఇది. తెలుగు ‘వచ్చినప్పుడు’ నీడలో కొందరు ‘వెన్ హీ కేమ్’ అంటారు. రెండూ కాదు. జరగబోయే దాని గురించి చెప్పేటప్పుడు ‘వెన్’, ‘ఇఫ్’, ‘అంటిల్’, ‘యాజ్ సూన్ యాజ్’ తర్వాత వర్తమానం వాడాలి: ‘వెన్ హీ కమ్స్, ఐ విల్ టెల్ హిమ్’.

రెండోది ‘ఆల్దో’కు తోడుగా ‘బట్’ రావడం. ఒడియాలో ‘జదిఓ’కు జోడీగా ‘తథాపి’ వస్తుంది, తెలుగులో ‘అయినప్పటికీ’ అని మళ్ళీ అంటాం. ఇంగ్లీషులో రెండు క్లాజులకు ఒక్క ముడి చాలు. ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, వి వెంట్ టు గోపాల్‌పూర్.’ లేదా ‘ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వి వెంట్ టు గోపాల్‌పూర్.’

మూడోది ‘అంటిల్’తో ‘నాట్’. ‘రైలు రానంత వరకు ఇక్కడే ఉండు’ అంటాం కాబట్టి ‘అంటిల్ ద ట్రెయిన్ డజ్ నాట్ కమ్’ అని రాస్తారు. ఆ ‘రాని’తనం ‘అంటిల్’లోనే ఇమిడి ఉంది. వాక్యాన్ని ముందు ‘రైలు వచ్చేదాకా’ అని మార్చుకుంటే ఈ తప్పు రాదు: ‘స్టే హియర్ అంటిల్ ద ట్రెయిన్ కమ్స్’.

డిపెండెంట్ క్లాజ్ ముందు వస్తే దాని చివర కామా పెట్టండి: ‘వెన్ ఒరిస్సా బికేమ్ ఎ సెపరేట్ ప్రావిన్స్ ఆన్ 1 ఏప్రిల్ 1936, బరంపూర్ బికేమ్ పార్ట్ ఆఫ్ ఇట్’. వెనక వస్తే సాధారణంగా కామా అక్కర్లేదు. ‘ఆల్దో’కు మాత్రం వెనక వచ్చినా పెట్టడం మామూలే. తెలుగులో ‘ఎందుకంటే బస్సు ఆలస్యమైంది.’ అని పూర్తి వాక్యంగా చుక్క పెట్టేయవచ్చు. ఇంగ్లీషు రాతలో ‘బికాజ్ ద బస్ వాజ్ లేట్.’ అని ఒంటరిగా వదిలితే పరీక్షలో ఎర్ర గీత పడుతుంది. ‘ఐ మిస్‌డ్ ద క్లాస్’ అని దానికో ఆసరా ఇవ్వాలి.

ఆరో మెట్టు: ‘అని’, ‘ఓ’

‘వస్తానని చెప్పాడు’లోని ‘అని’ ఇంగ్లీషులో ‘దట్’. తెలుగులో చెప్పినవాడి మాట చెప్పినట్టే ఉంటుంది: ‘వస్తాను’ అని. ఇంగ్లీషులో మనిషి మారాలి, కాలం మారాలి: ‘హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్’. ‘హీ సెడ్ దట్ ఐ విల్ కమ్’ అంటే వచ్చేది నేనవుతాను.

ప్రశ్న దాగిన క్లాజులకు తెలుగు చక్కటి గుర్తు ఇచ్చింది. ‘ఎక్కడ ఉన్నాడు?’ అసలు ప్రశ్న. ‘ఎక్కడ ఉన్నాడో తెలియదు’ ప్రశ్న కాదు. చివరి ‘ఓ’ ఆ సంగతి చెబుతోంది. ‘ఓ’ వినిపిస్తే ఇంగ్లీషులో ప్రశ్న వరుస మానేయండి: ‘ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్’. ‘వేర్ ఈజ్ హీ’ అనకూడదు. గుణుపురం బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతారా: ‘కెన్ యూ టెల్ మీ వేర్ ద గుణుపూర్ బస్ స్టాప్స్?’ ఇక్కడ ‘డజ్’ కూడా మాయమైంది. ‘ఉందో లేదో’ అని రెండు ‘ఓ’లు వస్తే ‘వెదర్’.

ఏడో మెట్టు: పొడుగాటి వాక్యాన్ని తోక నుంచి విప్పడం

అన్నీ కలిసిన వాక్యం ఒకటి తీసుకుందాం.

నిన్న గుణుపురం నుంచి వచ్చిన బస్సులో మేము మరిచిపోయిన సంచి దొరికితే ఫోన్ చేస్తామని డిపోవాళ్ళు చెప్పారు.

నోటుబుక్కులో ముందు తోకలకు సున్నాలు చుట్టండి: వచ్చి‘న’, మరిచిపోయి‘న’, దొరికి‘తే’, చేస్తామ‘ని’. నాలుగు తోకలు, అంటే నాలుగు డిపెండెంట్ క్లాజులు. ఏ తోకా లేని క్రియ ఒక్కటే, ‘చెప్పారు’. అదే ప్రధాన వాక్యం. అక్కడ మొదలుపెట్టండి: ‘ద మెన్ ఎట్ ద డిపో సెడ్’. ఒక్క మెట్టు వెనక్కి, ‘అని’: ‘దట్ దే వుడ్ కాల్ అజ్’. ఇంకో మెట్టు, ‘తే’: ‘ఇఫ్ దే ఫౌండ్ ద బ్యాగ్’. తెలుగులో సంచి దొరకడమే ఉంది, ఎవరికి దొరకాలో లేదు. ఇంగ్లీషులో ‘దే’ అని చెప్పాల్సి వచ్చింది. తర్వాత ‘మరిచిపోయిన’లోని ‘ఇన’: ‘దట్ వి హాడ్ లెఫ్ట్ ఆన్ ద బస్’. ‘ఆన్’ మరవకండి. చివరిది: ‘దట్ కేమ్ ఫ్రమ్ గుణుపూర్ యెస్టర్‌డే’.

ముక్కలన్నీ వరుసగా చదివితే ఒప్పైన ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఒప్పే కానీ, రెండు ‘దట్’ క్లాజులు ఒకదాని వెనక ఒకటి వేలాడుతున్నాయి. చదివేవాళ్ళకు ఊపిరాడదు. ఇలాంటప్పుడు రెండుగా తెంచడమే మేలు. ‘వి లెఫ్ట్ ఎ బ్యాగ్ ఆన్ ద బస్ దట్ కేమ్ ఫ్రమ్ గుణుపూర్ యెస్టర్‌డే. ద మెన్ ఎట్ ద డిపో సెడ్ దట్ దే వుడ్ కాల్ అజ్ ఇఫ్ దే ఫౌండ్ ఇట్.’

రోజువారీ సాధనకు పది వాక్యాలు చాలు: ‘గా’తో నాలుగు, ‘ఇన’తో నాలుగు, ‘అని’, ‘ఓ’లతో రెండు. వాక్యాలు పుస్తకంలోవి కాకుండా ఆ రోజు ఇంట్లో అన్నవే అయితే మంచిది. రాసిన మర్నాడు కుడి పేజీని చేత్తో కప్పి, ఎడమ పేజీ చూసి మళ్ళీ రాయించండి. రెండోసారీ తప్పిన వాక్యాన్ని నోటుబుక్కు చివరి పేజీల్లోకి ఎక్కించి, ఆ తప్పు ‘గా’ దగ్గర జరిగిందా, ‘ఇన’ దగ్గర జరిగిందా, లేక ఒడియా నీడ పడిందా అన్నది పక్కన ఒక్క మాటలో రాయించండి. ఆ చివరి పేజీల్లో ఏ మాట ఎక్కువసార్లు కనిపిస్తే ఆ మెట్టుకే తిరిగి వెళ్ళాలి.